దృష్టిలోపముగల ఉపాధ్యాయులు – ఛాయాగ్రహణము

చూపు బొత్తిగా లేని ఉపాధ్యాయులును, మందదృష్టి గల ఉపాధ్యాయులును కెమెరాను చేతబట్టి, తమ చెవులను, చేతులను, జ్ఞాపకమును విద్యార్థుల కన్నులతో ఏకము చేసి చిత్రములు తీయుటయు, అట్లు తీసిన చిత్రములను బోధనమునకు వినియోగించుటయు, గడచిన కొన్ని దశాబ్దములలో ప్రపంచమున పలుచోట్ల అంకురించిన విద్యాభ్యాసపద్ధతి. ఛాయాచిత్రకళ కేవలము కంటికి సంబంధించినదని లోకము నమ్మియున్నందున, ఈ మాట విన్నంతనే పలువురు దీనిని అద్భుతముగా నెంచి ఆశ్చర్యపడుదురు. మరికొందరు జాలిచే కల్పింపబడిన వినోదమని త్రోసిపుచ్చుదురు. రెండును సరియైన అభిప్రాయములు కావు. చిత్రము తీయుట యనగా ఒకచోట నిలుచుట, ఒక దిక్కునకు తిరుగుట, ఒక దూరమును నిర్ణయించుట, ఒక క్షణమును ఎన్నుకొనుట. ఈ నాలుగింటిలో కన్ను లేనిదే సాగనిది ఒక్కటియు లేదు. తీసిన పిమ్మట చిత్రమున ఏమేమి పడినదో తెలిసికొనుటకు మాత్రము ఇతరుల మాట కావలయును. ఎదుటివారిచేత మాట పలికించుటయే ఉపాధ్యాయుని వృత్తి యగుటచేత, ఈ అభ్యాసము తక్కినవారికంటె ఉపాధ్యాయులకు మిక్కిలి ఒప్పియున్నది. గోదావరి పాయలగు గౌతమీ వసిష్ఠల నడుమ, దక్షిణమున సముద్రము సరిహద్దుగా నున్న కోనసీమ – అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములు – ఇట్టి పనికి ఎట్టి క్షేత్రము కాగలదో ఈ వ్యాసము ప్రధానముగా పరిశీలించును.

అంధత్వమనగానే సంపూర్ణాంధకారము మనస్సునకు తోచును గాని, చూపుయొక్క లోపము వాస్తవమున అనేక తారతమ్యములు గలది. 2016లో వెలువడి 2017 ఏప్రిల్ 19 నుండి అమలునకు వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము, మెరుగైన కంటికి అద్దములు సవరించిన పిమ్మటను 3/60 కంటె తక్కువ చూపుగాని, 10 డిగ్రీలకు లోబడిన దృష్టిక్షేత్రముగాని గలవారిని అంధులుగా పరిగణించును. 6/18కి లోబడి 3/60 వరకు చూపుగాని, 40 డిగ్రీలకు లోబడిన దృష్టిక్షేత్రముగాని గలవారు మందదృష్టి గలవారు. 3/60 అనగా, సామాన్యనేత్రము 60 మీటర్ల దూరమునుండి గుర్తింపగల అక్షరమును 3 మీటర్ల దగ్గరకు వచ్చినగాని గుర్తింపలేకుండుట. 2011 జనాభా లెక్కలలో దృష్టిలోపము గలవారుగా నమోదైనవారు దేశమున 50 లక్షలకు పైబడియున్నారు. మందదృష్టి గల ఉపాధ్యాయునికి కెమెరా, తీయుటకంటె ముందుగా, చూచుటకే సాధనము. నల్లబల్లపై వ్రాతను, గోడమీది పటమును, వెనుక వరుసలోని పిల్లవాని ముఖమును ఒకసారి తీసి, తెరపై పెద్దదిగా చేసి, కన్నులకు దగ్గరగా తెచ్చుకొని తీరికగా పరిశీలింపవచ్చును. రెటినైటిస్ పిగ్మెంటోజా మొదలగు వ్యాధులచే దృష్టిక్షేత్రము ముడుచుకొనిపోయి, గొట్టమునుండి చూచినట్లు నడిమి భాగము మాత్రము కనబడువారికి, విశాలకోణ కటకము తరగతినంతను చిన్నతెరపైకి కుదించి ఆ నడిమి భాగమున నిలుపును. కావున పూర్తిగా చూపు లేనివాని ఛాయాగ్రహణమును, కొంత చూపుగలవాని ఛాయాగ్రహణమును ఒకే పద్ధతిగా బోధింపరాదు.

ఈ అభ్యాసమునకు లోకప్రసిద్ధి కలిగించిన వారిలో ప్రథమగణ్యుడు ఎవ్గెన్ బావ్చార్. 1946లో నేటి స్లొవేనియాలోని లోకవెత్స్ అను గ్రామమున జన్మించిన ఈయన, పండ్రెండేండ్లు నిండకమునుపే రెండు ప్రమాదములలో రెండు కన్నులను కోల్పోయెను; పదునారవ యేట మొదటి ఛాయాచిత్రము తీసెను; తరువాత పారిస్ నగరమున తత్త్వశాస్త్రమున కృషిచేసి, 1988లో ఆ నగరపు ఛాయాచిత్ర మాసోత్సవమునకు అధికార ఛాయాగ్రాహకుడుగా నియుక్తుడయ్యెను. చీకటిగదిలో కెమెరా తలుపును తెరచియుంచి, చేతిదీపముతో వస్తువును కొంచెము కొంచెముగా వెలిగించి చిత్రించుట ఆయన మార్గములలో నొకటి. వస్తువునకును తనకును గల దూరమును ఆయన చేతులతో తడవి నిర్ణయించును. న్యూయార్క్‌లోని సీయింగ్ విత్ ఫొటోగ్రఫీ కలెక్టివ్ అను బృందము గూడ ఇట్లే దీపముతో చిత్రించు పద్ధతిని ఆశ్రయించినది. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ నగరమున 2009లో డగ్లస్ మెకల్లో సంధానపరచిన ‘సైట్ అన్‌సీన్’ ప్రదర్శనము పలుదేశముల అంధఛాయాగ్రాహకుల పనిని ఒక్కచోటికి చేర్చెను. బ్రెజిల్ దేశీయుడగు జొవాన్ మాయా 2016 రియో పారాలింపిక్ క్రీడలను చిత్రించిన దృష్టిహీనుడు. ఇవి కళాలోకపు ఘట్టములు. విద్యాలోకమునకు వీనికంటె దగ్గరివి రెండు కలవు.

మొదటిది అమెరికాలోని ఉత్తర కరొలినా రాష్ట్రమున, రాలీ నగరపు గవర్నర్ మోర్‌హెడ్ అంధపాఠశాలలో 1992 మొదలు 1997 వరకు టోనీ డైఫెల్ అను ఛాయాగ్రాహకుడు నడిపిన బోధన. అచటి విద్యార్థిని ఒకతె పాఠశాల నడకదారిలోని బీటలను చిత్రించి, తన తెల్లకర్ర వానిలో చిక్కుకొనుచున్నదని తెలుపుచు ఆ చిత్రములను పాఠశాల పర్యవేక్షకునికి పంపినది. చూపుగలవారు అనుదినము త్రొక్కుచు నడచియు గమనింపని లోపమును చూపులేని బాలిక వారి కన్నులయెదుట నిలిపినది. ఛాయాచిత్రము అంధునికి ఎందులకని ప్రశ్నించువారికి ఇంతకంటె సూటియైన సమాధానము నాకు కానరాదు: చిత్రము తీసినవాడు చూచుటకే కాదు, చూడగలిగియు చూడనివారికి చూపుటకు గూడ. డైఫెల్ ఈ అనుభవమును 2007లో ‘సీయింగ్ బియాండ్ సైట్’ అను గ్రంథముగా ప్రకటించెను.

రెండవది మెక్సికో దేశమున వహాకా నగరమునందలిది. చిత్రకారుడు ఫ్రాన్సిస్కో టొలేడో 1996లో అచట ఛాయాచిత్ర కేంద్రమును నెలకొల్పి, దానిని ఆశ్రయించియే, నడివయస్సున చూపు కోల్పోయిన మహారచయిత బోర్హెస్ పేర అంధుల గ్రంథాలయమును స్థాపించెను. ఆ గ్రంథాలయమున పనిచేసిన అంధుడు హెరార్దో నిహెందా, ఛాయాగ్రాహకులతోడి నిత్యసాంగత్యముచే తానును కెమెరా పట్టి, అచ్చువేసిన చిత్రముపైననే బ్రెయిల్ చుక్కలతో తన మాటలను పొడిచెను. చూపుగలవాడు బొమ్మను చూచును గాని చుక్కలను చదువలేడు. అంధుడు చుక్కలను చదువును గాని బొమ్మను చూడలేడు. చిత్రము పూర్ణమగుటకు ఇరువురును కలిసికొని మాటాడవలయును. సహిత విద్య యని మనవారు చెప్పునది ఇంతకంటె స్పష్టముగా ఒక కాగితముపైకి వచ్చిన ఉదాహరణము అరుదు.

భారతదేశమున ఈ ఉద్యమమునకు ప్రధానస్థానము ముంబయి. పార్థో భౌమిక్ బావ్చార్ కృషినిగూర్చి చదివి ప్రేరితుడై, 2006లో ‘బ్లైండ్ విత్ కెమెరా’ అను పేర దృష్టిహీనులకు ఛాయాగ్రహణశిక్షణ ప్రారంభించెను. అచటి ప్రదర్శనములలో చిత్రముతోపాటు చేతితో తడవదగిన ఉబ్బెత్తు ప్రతియు, బ్రెయిల్ వివరణమును, వినుటకు వర్ణనమును కూర్చుట ఆచారమైనది. ఢిల్లీవాసియగు ప్రణవ్ లాల్ మరియొక త్రోవ త్రొక్కెను: కెమెరాలో పడిన దృశ్యమును ధ్వనిగా మార్చు ‘వాయిస్’ అను కంప్యూటరు సాధనముతో ఆయన దృశ్యమును విని చిత్రములు తీయును.

తెలుగుదేశమున దృష్టిలోపముగల ఉపాధ్యాయుల పరంపర కొత్తది కాదు. ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) మందదృష్టి గలవాడయ్యు, 1919లో విజయనగరపు మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యుడై, 1936లో ఆదిభట్ల నారాయణదాసు పిమ్మట దానికి అధ్యక్షుడయ్యెను. అయితే సంగీతము అంధులకు తగినదని ఒప్పుకొన్న సమాజమే, పటములు, రేఖాచిత్రములు గల విద్య వారికి తగదని చాలకాలము తలంచినది. మచిలీపట్నము సమీపమున జన్మించి హైదరాబాదు దేవనార్ అంధపాఠశాలలో చదివిన శ్రీకాంత్ బొల్లా, పదవ తరగతి పిమ్మట విజ్ఞానశాస్త్రములు చదువగోరగా అనుమతి లభింపక, న్యాయస్థానము నాశ్రయించి దానిని సాధింపవలసివచ్చెను. అటుపిమ్మట ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పట్టభద్రుడై, హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమలను స్థాపించెను. బొమ్మ యున్నచోట అంధునికి చోటులేదను భావమును పాఠశాలలోనే తొలగింపవలెనన్నచో, బొమ్మను స్వయముగా నిర్మించు అంధోపాధ్యాయుడు పిల్లలయెదుట నిలుచుట తగిన ఉపాయము.

ఇక కార్యవిధానము. చూపులేని ఛాయాగ్రాహకునికి మొదట బోధింపవలసినది కెమెరా చట్రముయొక్క క్షేత్రగణితము. 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ కెమెరాలో, లేదా అదే పరిమాణపు డిజిటల్ కెమెరాలో, 28 మిల్లీమీటర్ల కటకము అమర్చి అడ్డముగా పట్టినచో, 2 మీటర్ల దూరమున సుమారు రెండున్నర మీటర్ల వెడల్పును, 1.7 మీటర్ల ఎత్తును చిత్రమున పడును. దూరము రెట్టింపైనచో వెడల్పును ఎత్తును గూడ రెట్టింపగును. 50 మిల్లీమీటర్ల కటకమైనచో 2 మీటర్లకు వెడల్పు 1.44 మీటర్లు మాత్రమే. ఈ అంకెలు కంఠస్థములైన ఉపాధ్యాయుడు, అయిదుగురు పిల్లలు భుజము భుజము తాకుచు నిలుచున్నచో తానెంత దూరము వెనుకకు పోవలయునో అడుగులు లెక్కించుకొని నిర్ణయింపగలడు. చట్రములో ఎవరు పడుదురో, ఎవరు పడరో అతనికి తీయకమునుపే తెలియును. చిత్రస్పష్టతకును ఇట్టి లెక్కయే కలదు. అదే 28 మిల్లీమీటర్ల కటకమును ఎఫ్/8 అపెర్చరు వద్ద నుంచి, దూరమును 3.3 మీటర్లకు స్థిరపరచినచో, సుమారు 1.65 మీటర్లు మొదలు దిగంతమువరకు సమస్తమును స్పష్టముగనే వచ్చును. పాత కెమెరాలలో అపెర్చరు వలయము త్రిప్పునపుడు ఒక్కొక్క మెట్టునకు టిక్కుమను శబ్దమగును. దానిని లెక్కించి, దూరపు గుర్తుచెంత చిన్న గంటు పెట్టుకొన్నచో, కన్నుతో అవసరమే లేదు. కెమెరాలు పెక్కు తెరమీదనే నడచు ఈ కాలమున, వ్రేలికి తెలియు బొత్తములు, వలయములు గల పాత యంత్రముల విలువ అంధులకు మరింత పెరిగినదని చెప్పవలయును.

దిక్కును నిర్ణయించుటకు చెవి ప్రధానము. మాటాడువాని కంఠము రెండు చెవులకును సమముగా వినబడువరకు తల త్రిప్పినచో నాసిక అతనివైపే యుండును. కెమెరాను ముక్కుదూలమున కానించి, మోచేతులను ప్రక్కటెముకలకు అదిమిపట్టినచో కటకమును అటే చూచును. కంఠము ఏ ఎత్తునుండి వచ్చుచున్నదో పోల్చుకొని, కూర్చున్న పిల్లల కొరకు తాను గూడ మోకాళ్లపై దిగవలయును. వెలుతురు దిక్కును చర్మము చెప్పును: ఉదయసాయంకాలములలో ఎండవేడి ఏ చెంపకు తగులుచున్నదో, వెలుగు ఆ ప్రక్కనుండియే. కాని కోనసీమ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు పదునారున్నర డిగ్రీలలో నున్నందున, మే మొదటివారమునను, ఆగస్టు మొదటివారమునను మధ్యాహ్నసూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. అప్పుడు వేడి మాడుకు తగులునేగాని చెంపలకు తగులదు, కనుబొమలనీడ కన్నులపై బడి ముఖములు చెడును. మాడు చుర్రుమనుట కెమెరాను సంచిలో పెట్టవలసిన వేళకు గుర్తు. కొబ్బరితోటలో మరియొక చిక్కు కలదు. ఆకుల సందులనుండి దిగు ఎండ నేలపై ముక్కలుముక్కలుగా పడుటచే, ముఖమున సగము తెల్లబారియు సగము నల్లబారియు వచ్చును. నిలుచున్నచోట అరచేతిని చాపి నలుదిక్కులకు కదిపినచో వెచ్చని ముక్కలును చల్లని ముక్కలును తెలియును. అంతటను చల్లగా నున్న తావునకు పిల్లలను జరుపుట మేలు. సముద్రతీరమున మధ్యాహ్నానంతరము ఆగ్నేయదిశనుండి సముద్రముమీదుగా వీచుగాలి సైతము దిక్సూచిగా నుపకరించును.

చేతిఫోనులు ఈ శ్రమను చాలవరకు తగ్గించినవి. 2009లో ఐఫోనునందు తెరను చదివి వినిపించు ‘వాయిస్ ఓవర్’ చేరెను. 2011 నాటికి దాని కెమెరా, చట్రమున ఎన్ని ముఖములున్నవో పలుకసాగెను. 2017లో మైక్రోసాఫ్ట్ వారి ‘సీయింగ్ ఏఐ’ చిత్రమును మాటలలో వర్ణింప మొదలిడెను. 2022లో గూగుల్ పిక్సెల్ ఫోనులలో ‘గైడెడ్ ఫ్రేమ్’ వచ్చి, ఫోనును కుడికి జరుపుము, పైకెత్తుము అని ఆదేశించుచు చిత్రము తీయించుచున్నది. ఈ యంత్రసహాయము మెచ్చదగినదే యైనను దానికొక మేర కలదు. యంత్రము ‘ముగ్గురు పిల్లలు, ఒక చెట్టు’ అని చెప్పును. ఆ ముగ్గురిలో ఒకడు అలిగి దూరముగా నిలుచున్నాడని చెప్పవలెనన్న ఆ తరగతి పిల్లవాడే కావలయును. చిత్రవర్ణనము యంత్రమునకే యప్పగించిన ఉపాధ్యాయుడు తన చిత్రమువలన కలుగదగిన లాభములో మిన్నయైన భాగమును వదలుకొన్నవాడగును.

ఆ లాభము వర్ణనాశక్తి. చూపుగల గురువు ముందు పిల్లవాడు బొమ్మను చూపి ఊరకుండవచ్చును. చూపులేని గురువు ముందు నోరు విప్పక తప్పదు. ‘బాగుంది మాస్టారూ’ అన్నచో చాలదు. ఏది ముందున్నది, ఏది వెనుక, ఎవరి చేయి ఎవరి భుజముపై, నీడ ఎటు పడినది, చట్రపు అంచున తెగిపోయినదేది – ఒక్కొక్కటిని గురువు అడుగుచు పోవును, పిల్లవాడు మరల మరల చూచుచు పోవును. ఒకే చిత్రమును ఇరువురు పిల్లలు వేర్వేరుగా వర్ణించుటయు, వారి మాటలు పొసగనప్పుడు గురువు మూడవవానిని పిలిచి తగవు తీర్చుటయు ఇందు సహజముగా జరుగును. మన కావ్యములలో నగరము, సముద్రము, శైలము, ఋతువు, చంద్రోదయము మొదలగు అష్టాదశవర్ణనములు ప్రబంధలక్షణముగా స్థిరపడినవి. తెలుగు వాచకములు పిల్లలకు ఆ పద్యములను నేర్పును గాని, ఎదుటనున్నదానిని స్వయముగా వర్ణించు అవకాశమును అంతగా కల్పింపవు. అంధోపాధ్యాయుని చిత్రపాఠము ఆ కొరతను తీర్పగలదు. తెలుగు బోధించువారికే కాక, భూగోళము, సాంఘికశాస్త్రము బోధించువారికిని ఇది అనుకూలమే: కాలువ గట్టు, లాకు, రేవు, తోట – ఇవియన్నియు పాఠములే.

కోనసీమ ఇట్టి పనికి ఎంతయు అనువైన సీమ. ఏలనన ఇచటి జీవనమున ధ్వనికి ప్రామాణ్యము ఎక్కువ. పదము, క్రమము, జట, ఘనము అను పాఠభేదములలో వేదమును చెవితోనే నిలుపుకొన్న ఘనపాఠులకు ఈ సీమ ప్రసిద్ధి గాంచినది. అంబాజీపేట కొబ్బరివర్తకులలో కురిడీకాయను ఎత్తి ఆడించి, లోపలి గుడ్డు గటగటలాడు తీరునుబట్టి ఎండిన మేర నిర్ణయించుట వాడుక. అచట చెవియే పరీక్షకుడు. దింపుకార్మికుడు చెట్టుపైనుండి గెల నరకుట, కాయ నేలబడుట, ఒలుపువాని గునపమున పీచు చీలుట – ఈ మూడును మూడు స్పష్టమైన శబ్దములు. వాని నడుమగల వ్యవధి రెండుమూడుసార్లు విన్నవానికి తెలిసిపోవును. కాయ నేలను తాకక మునుపటి క్షణమును మీట నొక్కి పట్టుకొనుట చెవిగల ఎవనికైనను సాధ్యమే. రాజోలు ప్రాంతమున సఖినేటిపల్లి రేవునుండి వసిష్ఠ దాటి నరసాపురమునకు పోవు పంటు, ఇంజను మోత తగ్గుటతోను, జనుల పాదముల సవ్వడి ఒక్కమారుగా లేచుటతోను తాను ఒడ్డుకు చేరినట్లు తెలుపును. చూపుగలవాడు పంటునంతను చిత్రింపగోరును, చెవితో చిత్రించువాడు దిగు క్షణమును చిత్రించును, ఈ రెండవ చిత్రమే తరచుగా మనుష్యసంపన్నమై యుండును.

కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో జరుగు ప్రభల తీర్థము దీనికి తగిన మహాఘట్టము. ఏకాదశరుద్రులు ఆ తోటలో కూడుదురని ప్రతీతి. వెదురుతో కట్టి రంగువస్త్రములతో అలంకరించిన ప్రభలను భుజములకెత్తుకొని, పొలములకడ్డముగాను, గంగలకుర్రు గ్రామము వారివి కౌశిక నది నీటిలోనుండియు, ‘అశ్శరభ శరభ’ యను కేకలతో తెచ్చెదరు. 2023 గణతంత్రదినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథమున ఆంధ్రప్రదేశ్ శకటము ఈ తీర్థమునే ప్రదర్శించినది. ప్రభ కంటబడుటకు ఎంతో మునుపే కేక వినబడును. నీటిలో దిగినప్పుడు కేక తీరు మారును, గట్టెక్కునప్పుడు మరల మారును. ఆ మార్పులను అనుసరించి తీసిన చిత్రముల వరుసకు, అవే క్షణముల ధ్వనిముద్రణమును జతచేసి భద్రపరచినచో, కేవలము కంటికొరకు తీసిన చిత్రములకంటె నిండైన ఆధారము భావితరములకు మిగులును. గుంపులో త్రోపులాట మిక్కిలిగా నుండునందున, ఉపాధ్యాయుడు గట్టుపై స్థిరమైన తావు ముందుగనే ఏర్పరచుకొని, ఇరువైపుల ఇరువురు పెద్ద విద్యార్థులను నిలుపుకొనుట అవసరము.

క్రొత్తవి తీయుటయే కాదు, పాతచిత్రములను చదువుటయు ఈ అభ్యాసములోనిదే. 1995 జనవరి 8న అమలాపురము సమీపమున పాశర్లపూడి వద్ద చమురు సహజవాయు సంస్థవారి బావి బద్దలై, 65 దినములు మండెను. ఆ మంట చిత్రములు నాటి పత్రికలలో నిండియున్నవి. చిత్రమున మంట రంగు కలదు. హోరు లేదు, వేడి లేదు. నాడు అచట నున్న పెద్దలను పాఠశాలకు పిలిచి, పిల్లలు చిత్రమును వర్ణింపగా, పెద్దలు హోరును, వేడిని, ఇల్లు విడిచిపోయిన రాత్రిని చెప్పగా, ఇరువురి మాటలను కూర్చి పాఠముగా మలచు పనికి, చిత్రముచేత మోసపోని అంధోపాధ్యాయుడు మిక్కిలి తగినవాడు. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానును గూడ ఇదే రీతిని చెప్పింపవచ్చును.

ఉపాధ్యాయునికి కెమెరా నేడు ఐచ్ఛికవిషయము కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2022 ఆగస్టునుండి ముఖమును ఫోనుతో చిత్రించి హాజరు వేయు పద్ధతి వచ్చెను. మధ్యాహ్నభోజనము, పరిశుభ్రత మొదలగువాని చిత్రములను యాప్‌లలో ఎక్కించు పనియు ఆ యేండ్లలో ఉపాధ్యాయులపై బడెను. ఉద్యోగములలో దివ్యాంగులకు నాలుగు శాతమును, అందు అంధులకు, మందదృష్టి గలవారికి ఒక శాతమును ప్రత్యేకించిన చట్టమే, ఉద్యోగమున చేరినవానికి నిత్యకృత్యములలోని పనిముట్టు అందుబాటులో నుండవలెనని గూడ కోరును. చిత్రము తీసి చూపుమని ఆజ్ఞాపించిన శాఖ, దానిని చెవితోను వ్రేలితోను తీయు విధమును నేర్పుట ధర్మము. అదే చట్టముయొక్క 17వ విభాగము బ్రెయిల్ తెలిసిన దివ్యాంగోపాధ్యాయులను శిక్షణనిచ్చి నియమింపుమనుచున్నది. 29వ విభాగము కళావిషయముల పాఠ్యక్రమములను దివ్యాంగులు పాల్గొనునట్లు పునర్నిర్మింపుమనుచున్నది. మండలములలోని దివ్యాంగబాలల భవిత కేంద్రములును, అచట పనిచేయు సహిత విద్య ఉపాధ్యాయులును, కోనసీమ ఉపాధ్యాయులలో పెక్కురు శిక్షణ పొందిన బొమ్మూరు జిల్లా విద్యాశిక్షణ సంస్థవంటి విద్యాలయములును ఈ రెండు విభాగములను కలిపి చదివినచో, ఛాయాగ్రహణము శిక్షణలోని పాఠముగా సులభముగనే చేరును. తెలుగులో తెరను చదివి వినిపించు కంఠములు ఫోనులలో ఇప్పటికే యున్నవి. దానికై వేరుగా వ్యయము లేదు.

ఈ అభ్యాసముపై వచ్చు ఆక్షేపణలలో ముఖ్యమైనది కర్తృత్వమును గూర్చినది: చూపుగల సహాయకుడు దిక్కు చెప్పగా తీసిన చిత్రము ఎవరిదని. చలనచిత్ర దర్శకుడు కెమెరాను తాకకున్నను చిత్రము అతనిదే యని అందరు నంగీకరింతురు. సంకల్పించినవాడును, క్షణమును ఎన్నుకొన్నవాడును, తీసినవానిలో ఏది నిలువవలెనో తేల్చినవాడును కర్త. అయినను సహాయకుని పాలును దాచరాదు; ప్రదర్శనమున అతని పేరును గూడ ప్రకటించుట న్యాయము. అంధుడు తీసినది గనుక ప్రతిచిత్రమును మెచ్చుకొను ఉదారతయు విడువదగినదే. చట్రము తప్పినచో తప్పినదని, ముఖము తెగినచో తెగినదని చెప్పినప్పుడే గురువునకు తన లెక్కను సవరించుకొను వీలుండును. పిల్లల చిత్రములు తీయునపుడు తలిదండ్రుల అంగీకారము పొందుట, 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముయొక్క ఉద్దేశమునుబట్టియు, సాధారణమర్యాదనుబట్టియు అవశ్యము.

తీసిన చిత్రము తీసినవాని చేతికి తిరిగివచ్చుట చివరి ఘట్టము. పెక్కు చోట్ల దీనినే విస్మరింతురు. వేడికి ఉబ్బు ప్రత్యేకమైన కాగితముపై నల్లగీతలను పైకెత్తించుట, వేడిచేసిన ప్లాస్టిక్ పలకను అచ్చుపై అదుముట – ఈ రెండు పద్ధతులు ప్రచారమున నున్నవి. ఢిల్లీ ఐఐటీవారు ఇట్టి స్పర్శపటములను పాఠ్యపుస్తకముల కొరకు తయారుచేయుచున్నారు. అయితే ఛాయాచిత్రమును ఉన్నదున్నట్లు ఉబ్బెత్తు చేసినచో వ్రేలికి గజిబిజి మాత్రమే తోచును. వ్రేలికొన సుమారు 2 మిల్లీమీటర్ల ఎడమున్న రెండు బిందువులనే వేరుగా గుర్తింపగలదు. బ్రెయిల్ చుక్కల నడుమ రెండున్నర మిల్లీమీటర్ల ఎడముంచుటకు ఇదియే కారణము. కావున చిత్రమునుండి అయిదారు ఆకృతులను మాత్రమే ఏరి, ఒకదానినొకటి కప్పకుండ విడదీసి, దూరమువలన చిన్నవైనవానిని పెద్దవిచేసి గీయవలయును. ఇది యంత్రము ఒంటిగా చేయగల పని కాదు. ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయింపగల చేయి కావలెను.

అట్టి చేతులు కోనసీమలో కలవు. కొత్తపేట విగ్రహనిర్మాణమునకు పేరుపొందిన ఊరు. రాజ్‌కుమార్ వుడయార్ మొదలగు శిల్పులు అచటివారు. దివంగతుల బల్లపరుపు ఛాయాచిత్రమును ఎదుటనుంచుకొని, అందు కనబడని చెంపను, చెవివెనుక పల్లమును ఊహించి, మట్టిలో ముఖమును నిలబెట్టుట ఆ శిల్పశాలల నిత్యవిద్య. ఆ ఊరికి సమీపముననే ర్యాలిలో, ముందు విష్ణువుగను వెనుక మోహినిగను ఒకే శిలలో మలచిన జగన్మోహినీ కేశవస్వామి విగ్రహము కలదు. ఒక్క ఛాయాచిత్రమున ఎన్నటికి పట్టని రూపమది. ఉపాధ్యాయుడు తీసిన చిత్రమును విద్యార్థులు వర్ణింపగా, శిల్పి దానిని అరచేతి మందపు మట్టిపలకపై ఉబ్బెత్తు శిల్పముగా మలచి, ఉపాధ్యాయుడు తడవి ‘ఈ పిల్లవాడు ఇంకను వెనుక నిలుచుండెను’ అని సవరింపగా, ఆ పలకనుండి అచ్చుతీసి ప్రతులు పోయుటకు వలయు మట్టి, ప్లాస్టరు పొడి, రబ్బరు అచ్చులు ఆ శిల్పశాలలలో అనుదినము వాడుకలో నున్నవే. ఒక పాఠశాలకు సంవత్సరమునకు పదిపలకలు చాలును. అమలాపురమునుండి కొత్తపేటకు బస్సున పోయి మధ్యాహ్నమునకు తిరిగిరావచ్చును.